ఇత్తడి కొలత

ఆటుపోటుల మధ్య నాలుగు గంటలే మా పొలం.
గలీషియా తీరాన, పోర్తమెలో ఊళ్ళో,
నడుం దాకా చన్నీళ్ళలో నిలబడి
దంతెలతో ఇసకని దువ్వి
ఆల్చిప్పలు ఏరే ఆడవాళ్ళం మేము.
ఒడ్డున బల్ల దగ్గర నాది కొలిచే పని.

చేతిలో ఇత్తడి రింగు.
అందులోంచి జారిపోయిందంటే అది ఇంకా పిల్ల,
తిరిగి నీళ్ళలోకే.
అనుమానం వస్తే మళ్ళీ కొలుస్తాను,
ఇటు తిప్పి, అటు తిప్పి.
అప్పటికీ తేలకపోతే సముద్రానిదే.
మా అమ్మ కాలం నుంచీ
ఈ నియమానికి ఎవరూ ఎదురు చెప్పలేదు.

సంఘం పెట్టెలో
పదకొండు వేల నాలుగు వందల యూరోలు లేవని
బల్బీన చదివిన సాయంత్రం
తాళంచెవి ఎరుందీన మెడలో ఉంది.
లెక్కల పుస్తకం ఆమె దస్తూరీలో ఉంది.
గది నిండా తడి బూట్ల వాసన.
ఎరుందీన కుడి చెయ్యి లేచి
ఎడమ భుజాన్ని తడుముకుంది.

"చూశావా!" అంది నా పక్కనున్నామె,
మోచేత్తో పొడిచి.
చూశాను.
ముప్పై ఏళ్ళు దంతె నమిలిన భుజం అది.
చలి రాత్రుళ్ళు రోజ్‌మేరీ నూనెతో
నేనే మర్దనా చేసిన భుజం.
ఆ ఒక్క మాటకి
నోరు తెరిస్తే చాలు.
తెరవలేదు.

తర్వాత జరిగినవన్నీ చిన్నవే.
రొట్టెల షెన్షొ ఆమె ఇచ్చిన చిల్లర
రెండుసార్లు లెక్కపెట్టాడు.
నీళ్ళలో ఆమె చుట్టూ
ఇటు పదడుగులు, అటు పదడుగులు ఖాళీ.
ఆమె మనవడికి సైకిలొస్తే
దాని ధర ఊరంతటికీ తెలుసు.
రంగేమిటో ఒక్కరూ చెప్పలేరు.

"నిప్పు లేనిదే పొగ రాదు" అంది బల్బీన.
తల ఊపాను. ఊపుతూనే కిటికీలోంచి చూశాను.
పడవలు లేవు, కొండ లేదు,
చర్చి గంట మోగుతోంది గాని స్తంభం లేదు.
తీరమంతా పొగమంచు.
ఏడాదిలో సగం రోజులు ఇలాగే లేస్తుంది ఇక్కడ,
ఏ నిప్పూ లేకుండా.

మొన్న ఆమె బుట్ట నా బల్ల మీదికొచ్చింది.
అందులో ఒక ఆల్చిప్ప తేలలేదు.
కొలిచాను. తిప్పి కొలిచాను.
కళ్ళజోడు తుడుచుకుని ఇంకోసారి కొలిచి
నీళ్ళలోకి విసిరాను.
అది పడ్డ చోటే చూస్తూ
"దానికి మూడుసార్లు" అంది ఎరుందీన.
బుట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది.

తీసిందో లేదో నాకు తెలీదు.
తీయలేదని ప్రమాణం చేయమంటే చేయలేను.
తీసి ఉండొచ్చు. పుస్తకంలో అంకె ఎక్కడో జారి ఉండొచ్చు.
పెట్టెకి రెండో తాళంచెవి ఒకటుండేదని
ముసలి తెరెసాకి ఒకరోజు గుర్తుంటుంది, ఒకరోజు ఉండదు.
మార్చిలో పోంతెవేద్రా కోర్టులో
నల్లకోటు వేసుకున్న ఒక మనిషి
కాగితాలన్నీ ముందేసుకుని తిప్పి చూస్తుంది.
అది ఆమె పని.
మార్చి దాకా నా పనేమిటని
మూడు రాత్రులు నిద్రపోలేదు.

ఇవాళ రింగు వేరేవాళ్ళకిచ్చి
బూట్లు వేసుకుని నీళ్ళలోకి దిగాను.
ఒడ్డున మాటలు ఆగడం వీపుకి తెలిసింది.
ఆ ఖాళీ పదడుగుల్లో,
ఆమెకి దంతె తగలనంత దూరంలో నిలబడ్డాను.
తాళంచెవి తీసేసిన మెడ మీద
తాడు గుర్తు ఇంకా తెల్లగా ఉంది.

ఆమె పలకరించలేదు.
నేనూ క్షమించమని అడగలేదు, చలికి పళ్ళు కొట్టుకుంటున్నాయి.
కాసేపు నా పని చూసి చూసి,
ఇక ఓర్చుకోలేక,
వచ్చి నా దంతె పిడి మీద
నా చేతిని జానెడు కిందికి జరిపి
మళ్ళీ తన చోటికి వెళ్ళింది.